డ్రిఫ్ట్ ఫాస్టా, గ్రిప్ ఫాస్టా? జవాబు టైరు దగ్గరే ఉంది

కారు అడ్డంగా తిరిగి, వెనక టైర్ల నుంచి తెల్లటి పొగ లేస్తూ, మలుపు మొత్తాన్ని ఊడ్చుకుంటూ వెళ్లే షాట్ ఒక్కటి పడితే చాలు, ఆ రీల్‌కి లైకులే లైకులు. కింద కామెంట్లలో మాత్రం ఎప్పుడు చూసినా ఒకటే గొడవ. "ఇలా వెళ్తేనే స్పీడ్ తగ్గదు బ్రో" అని ఒకరు. "అదంతా షో, రేసులో పనికిరాదు" అని ఇంకొకరు. మనం గేమింగ్ ఫోన్ టెస్ట్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక రేసింగ్ గేమ్ ఆడి చూస్తాం కాబట్టి, ఆ గొడవ తిరిగి తిరిగి మన దగ్గరికీ వస్తుంది. అందుకే ఈసారి ఫ్రేమ్ రేట్ సంగతి పక్కన పెట్టి, ఈ ప్రశ్ననే పూర్తిగా తేల్చేద్దాం అనుకుంటున్నాను.

షార్ట్ ఆన్సర్ ముందే చెప్పేస్తా. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద గ్రిప్ ఫాస్ట్. మట్టి, కంకర, మంచు మీద అడ్డంగా వెళ్లేవాడు ఫాస్ట్. అయితే ఇవి రెండు వేర్వేరు రూల్స్ కావు. కింద ఉన్నది ఒకటే రూల్. అది పట్టుకుంటే ఏ ట్రాక్ మీద ఏది పనిచేస్తుందో మీరే చెప్పగలరు.

గేమ్స్ మనకి ఏం నేర్పాయి?

మనలో చాలామందికి డ్రిఫ్ట్ పరిచయమైంది గేమ్స్‌లోనే. అస్ఫాల్ట్ సిరీస్‌లో డ్రిఫ్ట్ చేస్తే నైట్రో బార్ నిండుతుంది. మారియో కార్ట్‌లో డ్రిఫ్ట్ పట్టుకుని వదిలితే మినీ టర్బో వస్తుంది. అంటే ఆ గేమ్స్‌లో డ్రిఫ్ట్ చేసినవాడికి ఫాస్ట్‌గా వెళ్లడం అనేది బహుమతిగా ఇస్తున్నారు. తప్పేం లేదు, బొటనవేళ్లతో ఆడే గేమ్‌కి ఆ మజా కావాలి. కానీ ఆ నైట్రో గేమ్ డిజైనర్ ఇచ్చింది, టైరు ఇచ్చింది కాదు.

అదే గ్రాన్ టురిస్మో లాంటి సిమ్యులేటర్‌కి వెళ్లండి. అక్కడ డ్రిఫ్ట్ ట్రయల్ అని ఒక మోడ్ వేరేగా ఉంటుంది, దానికి పాయింట్లు ఇస్తారు. ల్యాప్ టైమ్ కొట్టాల్సిన మోడ్ వేరు. ఈ రెంటినీ ఎందుకు విడదీశారో ఇప్పుడు చూద్దాం.

టైరుకి ఉండే బడ్జెట్

కారు ఎంత పెద్దదైనా, ఇంజిన్‌లో ఎన్ని గుర్రాలున్నా, అది రోడ్డుని తాకేది నాలుగే చోట్ల. ఒక్కో టైరు రోడ్డుకి ఆనుకునే భాగం సుమారుగా మన అరచేయి అంత. బ్రేక్ వేసినా, యాక్సిలరేటర్ నొక్కినా, స్టీరింగ్ తిప్పినా, పని చేయాల్సింది ఆ నాలుగు అరచేతులే.

రెండు పోర్టులున్న ఫాస్ట్ చార్జర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. ఒక్క ఫోన్ పెడితే ఫుల్ వాట్స్ ఇస్తుంది. రెండోది కూడా పెట్టగానే పంచేస్తుంది. టైరు గ్రిప్ కూడా దాదాపు ఇంతే. ఉన్న గ్రిప్ మొత్తం బ్రేకింగ్‌కే వాడేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. మొత్తం తిరగడానికే వాడితే యాక్సిలరేటర్‌కి ఏమీ మిగలదు. లెక్క అచ్చంగా కూడిక, తీసివేత కాదు, ఒక వృత్తం లాంటిది. అందుకే ఇంజినీర్లు దీన్ని ఫ్రిక్షన్ సర్కిల్ అంటారు. మంచి డ్రైవర్ అంటే ఆ వృత్తం అంచు మీదే కారుని నడిపేవాడు. అంచుకి లోపల ఉంటే టైమ్ వృథా, అంచు దాటితే గ్రిప్ వృథా.

ఇక్కడ ఒక చిన్న ట్విస్ట్ ఉంది. "గ్రిప్‌లో ఉన్న" కారు అస్సలు జారదు అని అందరూ అనుకుంటారు. నిజానికి మలుపులో ప్రతి కారూ ఎంతో కొంత జారుతూనే ఉంటుంది. టైరు రబ్బరు కదా, రోడ్డుని పట్టుకుని పక్కకి సాగుతుంది. దాంతో చక్రం చూసే దిక్కు ఒకటి, అది నిజంగా వెళ్లే దిక్కు ఇంకొకటి అవుతుంది. ఈ రెండు దిక్కుల మధ్య తేడానే స్లిప్ యాంగిల్.

ఈ మొత్తం ఆర్టికల్‌లో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: స్లిప్ యాంగిల్ పెరిగే కొద్దీ టైరు ఇచ్చే పక్క బలం కూడా పెరుగుతుంది, కానీ ఒక పీక్ వరకే. పొడి తారు మీద మామూలు రోడ్ టైరుకి ఆ పీక్ సుమారు 6 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది దాటితే రబ్బరు పట్టు వదిలి గీసుకుంటూ పోతుంది, బలం తగ్గడం మొదలవుతుంది. మరి డ్రిఫ్ట్ కారు? 30, 40 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అడ్డంగా వెళ్తుంది. అంటే పీక్ ఎప్పుడో దాటేసి చాలా దూరం వెళ్లిపోయినట్టే.

ఇంటర్ ఫిజిక్స్ బయటికి తీద్దాం

ఎంసెట్ కోసం బట్టీ పట్టిన ఫార్ములా ఒకటి ఉంది. చదునైన రోడ్డు మీద మలుపులో కారు వెళ్లగలిగే గరిష్ఠ వేగం కావాలంటే ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్థం మూడూ గుణించి వర్గమూలం తీయాలి. అప్పట్లో రెండు మార్కులు తెచ్చిన ఆ లైనే ఇప్పుడు మన గొడవ తీర్చబోతోంది.

50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. పీక్ దగ్గర టైరు గుణకం 1 అనుకుందాం, పొడి తారుకి అది న్యాయమైన అంకె. వేగం సెకనుకి 22 మీటర్ల పైన వస్తుంది, అంటే గంటకి 80 కి.మీ. ఇప్పుడు అదే కారు పీక్ దాటి డ్రిఫ్ట్‌లోకి వెళ్లిందని, గుణకం 0.8కి పడిందని అనుకుందాం. వేగం గంటకి 71 కి.మీ.కి దిగుతుంది. అదే మలుపు, అదే కారు, 9 కి.మీ. పోయింది.

90 డిగ్రీల మలుపైతే ఆ దారి పొడవు సుమారు 78 మీటర్లు. గ్రిప్ కారుకి 3.55 సెకన్లు, డ్రిఫ్ట్ కారుకి 3.97 సెకన్లు. తేడా 0.4 సెకను. "ఇంతేనా" అనుకోకండి, అసలు దెబ్బ మలుపు అయ్యాక మొదలవుతుంది. మలుపు తర్వాత 500 మీటర్ల స్ట్రెయిట్ ఉందనుకోండి. రెండు కార్లూ ఒకేలా పికప్ అందుకున్నా, 80తో బయటికి వచ్చిన కారు 71తో వచ్చిన కారు కంటే ఆ స్ట్రెయిట్ చివరికి ఇంకో 0.4 సెకను ముందు చేరుతుంది. మొత్తం 0.8 సెకను. అలాంటి మలుపులు పది ఉంటే 8 సెకన్లు. ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో పోల్ పొజిషన్‌కీ రెండో స్థానానికీ మధ్య సెకనులో పదో వంతు కూడా ఉండని రోజులు ఎన్నో. అక్కడ 8 సెకన్లంటే ఆట అయిపోయినట్టే.

రేసింగ్ లైన్ సంగతి కూడా ఇందులోనే ఉంది. రోడ్డు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి వదిలితే 50 మీటర్ల మలుపుని కారు 80 మీటర్ల వ్యాసార్థంతో తీసుకోవచ్చు. అదే గుణకం 1తో వేగం గంటకి 100 కి.మీ. దాటుతుంది. పట్టు వదలకుండా, పొగ రాకుండా, 20 కి.మీ. ఫ్రీగా వచ్చాయి. చూడటానికి బోరింగ్, స్టాప్‌వాచ్‌కి మాత్రం పండగ.

ఆ పొగ ఎవరి ఖర్చు?

డ్రిఫ్ట్‌లో ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, చక్రాలు గిర్రున తిరుగుతాయి. అంత పవర్ వాడుతున్నప్పుడు ఫాస్ట్‌గా వెళ్లాలి కదా అనిపిస్తుంది. ఆ పవర్ ఎటు పోతోందో చూడండి.

డ్రిఫ్ట్‌లో కారు ముక్కు మలుపు లోపలి వైపు చూస్తుంటుంది. వెనక చక్రాలు కారుని ముక్కు చూసే వైపే తోస్తాయి. అంటే ఇంజిన్ శక్తిలో పెద్ద వాటా కారుని దారి వెంట ముందుకి కాకుండా, మలుపు లోపలికి నెట్టడానికే ఖర్చవుతోంది. గ్రిప్ కారులో ఆ పని టైరు పక్క బలం దాదాపు ఊరికే చేసి పెడుతుంది. మిగతా శక్తి రబ్బరుని కాల్చి పొగ చేస్తుంది.

జారుడు వల్ల వచ్చే లాగుడు కూడా తక్కువేం కాదు. ఇంజిన్ తిప్పకుండా ఊరికే దొర్లుతున్న టైరు 8 డిగ్రీల స్లిప్ యాంగిల్‌తో వెళ్తుంటే, దాని బలంలో సుమారు 14 శాతం కారుని వెనక్కి లాగుతుంది. అదే 40 డిగ్రీలైతే 64 శాతం. సగం బ్రేక్ నొక్కి పట్టుకుని వెళ్తున్నట్టే. పైగా రేసింగ్ టైర్లకి ఒక టెంపరేచర్ రేంజ్ ఉంటుంది. థ్రాటిలింగ్ మొదలైన ఫోన్ ప్రాసెసర్ లాగే, వేడి ఆ రేంజ్ దాటితే టైరు పనితనం పడిపోతుంది. ఒక మలుపులో చేసిన షో తర్వాతి నాలుగు మలుపుల్లో గ్రిప్‌ని తినేస్తుంది.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేస్ జరిగింది గుర్తుందా? హుస్సేన్ సాగర్ ఒడ్డున 18 మలుపుల స్ట్రీట్ సర్క్యూట్. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఫార్ములా ఈలో ప్రతి కారుకీ రేసు మొత్తానికి వాడుకోగలిగే బ్యాటరీ ఎనర్జీ ఇంతే అని లెక్క ఉంటుంది. అక్కడ అనవసరంగా జారిన ప్రతి డిగ్రీ బ్యాటరీ పర్సెంటేజ్‌లో కనిపిస్తుంది. చివరి ల్యాప్‌ల్లో ఫోన్ 2 శాతంతో నెట్టుకొచ్చేవాడికి ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

డ్రిఫ్ట్ కింగ్ లెమాన్స్‌కి వెళ్తే

లెక్కలన్నీ సరే, డ్రిఫ్ట్ కనిపెట్టినవాళ్లు ఏమంటారు? వాళ్లు ఏమన్నారో కాదు, ఏం చేశారో చూద్దాం.

ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్: టోక్యో డ్రిఫ్ట్ (2006) చూసినవాళ్లకి ఒక సీన్ గుర్తుండాలి. హీరో డ్రిఫ్ట్ నేర్చుకోడానికి తంటాలు పడుతుంటే, పక్కన చేపలు పట్టుకుంటూ ఒకాయన చూసి వ్యాఖ్యానిస్తుంటాడు. ఆయన కెయిచి త్సుచియా. జపాన్ కొండ రోడ్ల మీద టొయోటా ఏఈ86తో డ్రిఫ్ట్‌కి పేరు తెచ్చిన మనిషి, అందరూ డ్రిఫ్ట్ కింగ్ అనేది ఆయన్నే. ఇనిషియల్ డి యానిమేకి సలహాదారుడు కూడా. ఆయనకి స్ఫూర్తి కునిమిత్సు తకహాషి. 1961లో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి గెలిచిన మొదటి జపాన్ రైడర్. తర్వాత కార్లకి మారి, 1970ల్లో టూరింగ్ కార్ రేసుల్లో మలుపుల్లోకి కారుని అడ్డంగా వదిలే స్టైల్‌తో జనాన్ని కట్టిపడేశాడు.

ఈ గురుశిష్యులిద్దరూ కలిసి 1995లో ఫ్రాన్స్‌లో లెమాన్స్ 24 గంటల రేసుకి వెళ్లారు. కారు హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, మూడో డ్రైవర్ అకిరా ఈడా. ఎక్కువ సేపు వానలో సాగిన ఆ రేసులో వాళ్లు జీటీ2 క్లాస్ గెలిచారు. 1999లో త్సుచియా మళ్లీ వెళ్లి, ఉక్యో కతయామా, తోషియో సుజుకిలతో కలిసి టొయోటా జీటీ వన్‌లో మొత్తం రేసులోనే రెండో స్థానం తెచ్చాడు. 24 గంటలు టైర్లు కాపాడుకుంటూ, ప్రతి మలుపూ శుభ్రంగా తీసుకుంటూ నడపాల్సిన రేసు అది. డ్రిఫ్ట్‌కి రాజు అనిపించుకున్న మనిషికి స్టాప్‌వాచ్ ముందు ఏం చేయాలో బాగా తెలుసు.

డ్రిఫ్ట్ పోటీల రూల్స్ చూసినా ఇదే తేలుతుంది. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్‌లో జడ్జిలు చూసేది లైన్, యాంగిల్, స్టైల్. ఎవరు ముందు చేరారు అన్నది కాదు. అది జిమ్నాస్టిక్స్ లాంటి ఆట, పరుగు పందెం కాదు. తక్కువ చేసి చెప్పడం లేదు. ఇంకో కారు డోర్‌కి బెత్తెడు దూరంలో, పొగలో, 40 డిగ్రీల అడ్డంగా కారుని పట్టుకోవడం మామూలు స్కిల్ కాదు. కొలిచేది మాత్రం వేరు.

మరి ర్యాలీ వాళ్లు ఎందుకు అడ్డంగా వెళ్తారు?

ఇక్కడికి వచ్చేసరికి కామెంట్లలో కత్తి లాంటి ప్రశ్న వస్తుంది. "వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో స్టాప్‌వాచే కదా గెలిపించేది, మరి వాళ్లు ప్రతి మలుపూ అడ్డంగానే తీసుకుంటారేంటి?"

కరెక్ట్ ప్రశ్న. జవాబు రోడ్డులో ఉంది. కంకర, మట్టి, మెత్తటి మంచు మీద టైరు ప్రవర్తన పూర్తిగా మారిపోతుంది. అడ్డంగా జారే టైరు నాగలిలా పైనున్న వదులు మట్టిని తోసుకుంటూ పోతుంది. దాని ముందు చిన్న గట్టు పేరుకుంటుంది, ఆ గట్టుకి టైరు ఆనుకుంటుంది. పై పొర చీలితే కింద ఉన్న గట్టి నేల కూడా దొరుకుతుంది. ఫలితం: తారు మీద 8 డిగ్రీల దగ్గర వచ్చి పడిపోయే పీక్, కంకర మీద చాలా పెద్ద యాంగిల్‌కి జరిగిపోతుంది, దాటాక కూడా బలం పెద్దగా పడదు. అంటే ర్యాలీ డ్రైవర్ అడ్డంగా వెళ్తున్నప్పుడు పీక్ దాటడం లేదు. పీక్ దగ్గరికి వెళ్తున్నాడు.

దీనికి సాక్ష్యం మన బైకుల్లోనే ఉంది. కేటీఎం 390 అడ్వెంచర్, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 లాంటి బైకుల్లో వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేసే సెట్టింగ్ ఎందుకు ఇచ్చారు? తారు మీద చక్రం లాక్ అయితే ప్రమాదం. వదులు మట్టిలో మాత్రం లాక్ అయిన చక్రం మట్టిని కూడబెట్టుకుని తొందరగా ఆగగలదు, ఏబీఎస్ వదిలి పట్టుకుంటూ ఉంటే ఇంకా ముందుకి జారిపోవచ్చు. కంకర మీద, మంచు మీద ఏబీఎస్‌తో ఆగే దూరం పెరగొచ్చని కార్ల మాన్యువల్స్‌లో కూడా రాసి ఉంటుంది. బ్రేకింగ్‌లో పనిచేసే ఆ రూలే మలుపులోనూ పనిచేస్తుంది.

ర్యాలీలో ఇంకో కారణం కూడా ఉంది. సర్క్యూట్ డ్రైవర్ ఒకే మలుపుని వందల సార్లు చూస్తాడు. ర్యాలీ డ్రైవర్‌కి పక్క సీట్లో కో డ్రైవర్ చదివే పేస్ నోట్సే ఆధారం. మలుపు అవతల కంకర ఎంత లోతుగా ఉందో, ముందు వెళ్లిన కారు రాయి ఏదైనా రోడ్డు మీదికి లాగిందో పూర్తిగా తెలీదు. ముందే అడ్డంగా తిరిగి ఉన్న కారుని యాక్సిలరేటర్‌తోనే లోపలికి లాగొచ్చు, బయటికి వదలొచ్చు. ముక్కు ముందే మలుపు చివరి వైపు చూస్తుంటుంది కాబట్టి, దారి కనపడగానే పెడల్ నొక్కేయొచ్చు.

అసలైన పరీక్ష ఏంటంటే, అదే డ్రైవర్లని తారు మీద పెడితే ఏం చేస్తారు? 2022 నుంచి ర్యాలీ జపాన్ తారు రోడ్ల మీదే జరుగుతోంది. ఐచి, గిఫు ప్రాంతాల ఇరుకు కొండ దారులు. డ్రిఫ్ట్ పుట్టిన దేశం, అలాంటి కొండ రోడ్లే. అయినా ఫిన్లాండ్ కంకర మీద గాల్లో అడ్డంగా ఎగిరే ఆ డ్రైవర్లే అక్కడ పట్టాల మీద రైలు నడిపినట్టు నడుపుతారు. ఇందాకటి పీక్ మళ్లీ చిన్న యాంగిల్‌కి వచ్చేసింది కదా మరి.

కాలే రొవన్‌పెరా పేరు విన్నారా? 2022లో 22 ఏళ్లకే వరల్డ్ ర్యాలీ చాంపియన్ అయ్యాడు, 2023లో మళ్లీ గెలిచాడు. అదే 2023లో ఫార్ములా డ్రిఫ్ట్ జపాన్‌కి వెళ్లి ఎబిసు రౌండ్ కూడా గెలిచాడు. కంకర మీద టైమ్ కోసం అడ్డంగా, తారు మీద టైమ్ కోసం నిటారుగా, తారు మీద పాయింట్ల కోసం మళ్లీ అడ్డంగా. ఒకే మనిషి, మూడు పద్ధతులు. ఆయన ఫ్యాన్ వార్‌లో ఏ పక్షమూ తీసుకోలేదు, రోడ్డు ఏం అడిగితే అది ఇచ్చాడు.

రూల్‌కి అంచున ఉండే కేసులు

తారు మీద కూడా ఒక చోట అడ్డంగా తిరగడం గెలుస్తుంది: ఇరుకు హెయిర్‌పిన్. వ్యాసార్థం 8 మీటర్లే అయితే గ్రిప్‌తో వెళ్లినా గంటకి 32 కి.మీ. దాటలేం. లైన్ వెడల్పు చేసుకోడానికి రోడ్డు లేదు. అక్కడ కాపాడుకోవాల్సిన వేగమే పెద్దగా లేనప్పుడు, కారుని ఎంత తొందరగా వెనక్కి తిప్పి యాక్సిలరేటర్ మీదికి వెళ్తామన్నదే లెక్క. అందుకే తారు ర్యాలీల్లో కూడా హెయిర్‌పిన్ రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగి, కారుని గిర్రున తిప్పి లాగించేస్తారు.

రెండోది పాత టైర్ల కథ. 1950ల్లో ఫాంజియో, స్టర్లింగ్ మాస్ లాంటి గ్రాండ్ ప్రి డ్రైవర్లు నాలుగు చక్రాలూ జారుతుండగా మలుపులు తీసుకునేవాళ్లు. అది షో కాదు. అప్పటి క్రాస్ ప్లై టైర్లకి పీక్ ఇప్పటి టైర్ల కంటే పెద్ద యాంగిల్ దగ్గర వచ్చేది, దాటాక కూడా మెల్లగా తగ్గేది. తకహాషి స్టైల్‌ని కూడా ఆ కాలం టైర్లతో కలిపే చూడాలి. అంటే డ్రిఫ్ట్ వేగం కోసమే పుట్టింది. టైర్లు మారాయి, పీక్ జరిగింది, డ్రిఫ్ట్ వేగాన్ని వదిలేసి తనే ఒక ఆట అయి నిలబడింది.

మూడోది, ఫార్ములా వన్ ఆన్‌బోర్డ్ వీడియోల్లో కూడా వెనక భాగం చిన్నగా అదరడం, డ్రైవర్ స్టీరింగ్‌తో చిన్న కరెక్షన్ ఇవ్వడం చూస్తుంటాం. అది డ్రిఫ్ట్ కాదు. పీక్ అంచు మీద నడుస్తున్నాడు అనడానికి గుర్తు.

మీరే టెస్ట్ చేసుకోండి

నా మాట నమ్మక్కర్లేదు. అసెటో కోర్సా లేదా గ్రాన్ టురిస్మో ఉంటే వెనక చక్రాలు తిరిగే కారు ఒకటి, పొడి ట్రాక్ ఒకటి ఎంచుకోండి. శుభ్రంగా ఒక ల్యాప్ కొట్టి ఘోస్ట్‌గా సేవ్ చేయండి. తర్వాత ప్రతి మలుపూ డ్రిఫ్ట్ చేస్తూ ఆ ఘోస్ట్ వెంట పడండి. మలుపులో పెద్దగా వెనకబడినట్టు అనిపించదు, స్ట్రెయిట్ చివర్లో చూడండి ఘోస్ట్ ఎక్కడుందో.

రెండో టెస్ట్‌కి ఫోన్ చాలు. ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది, జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. ఇంట్లో వేరేవాళ్లు కారు నడుపుతుండగా, ఫోన్‌ని కదలకుండా మౌంట్‌లో పెట్టి యాక్సిలరోమీటర్ రికార్డ్ చేయండి. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని 30 కి.మీ. వేగంతో తీసుకుంటే పక్కకి 0.24 జి కనిపించాలి. హాయిగా ఉంటుంది, కూల్‌డ్రింక్ కూడా ఒలకదు. ఇప్పుడు కాగితం మీద మాత్రమే వేగాన్ని 60 చేయండి. వేగం రెట్టింపైతే అవసరమైన బలం నాలుగు రెట్లవుతుంది: 0.94 జి. పొడి తారు మీద మామూలు టైరు ఇవ్వగలిగే మొత్తం దాదాపు అంతే. మలుపులో కాస్త ఇసుకో, వాన నీళ్లో ఉంటే లిమిట్ దానికంటే చాలా కిందే ఉంటుంది. "ఇందాక బాగానే తిరిగింది కదా" అనుకున్న మలుపే, స్పీడోమీటర్‌లో ఒక్క 30 పెరిగేసరికి పట్టు వదిలేస్తుంది.

ఇది చెప్పడానికి కారణం ఉంది. రాత్రిపూట ఖాళీ రోడ్ల మీద హ్యాండ్‌బ్రేక్ లాగి తీసే రీల్స్ మన దగ్గర కూడా పెరిగాయి. మన ఊళ్లలో తిరిగే హ్యాచ్‌బ్యాక్‌ల్లో దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. వాటిలో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం ఊడుతుంది, అంతే. డ్రిఫ్ట్ కారులో లాగా వెనక చక్రాలకి పవర్ ఇచ్చి ఆ జారుడుని పట్టుకునే దారి ఉండదు. ఈఎస్‌సీ ఉన్న కారైతే, మీ ఫోన్‌లో ఉన్నలాంటి చిన్న గైరో సెన్సరే స్టీరింగ్ ఒక వైపు, కారు ఇంకో వైపు తిరుగుతోందని పట్టేసి ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేస్తుంది. అంటే కంపెనీ ఇంజినీర్లు డబ్బు ఖర్చుపెట్టి ఆపాలనుకున్న పనినే మనం రీల్ కోసం చేస్తున్నాం. రోడ్డు మీద రేసింగ్, స్పీడ్ ట్రయల్స్ మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద నేరం కూడా. కానీ చట్టం కంటే ముందు ఆ 0.94 అంకె గుర్తుపెట్టుకోండి. మలుపు అవతల ఎవరు నడుస్తున్నారో రోడ్డు మీద పేస్ నోట్స్ చదివి చెప్పేవాళ్లు ఉండరు.

ఫైనల్ వెర్డిక్ట్

పొడి తారు, రేసింగ్ టైర్లు: గ్రిప్, డౌట్ లేదు.
తడి తారు: ఇంకా గ్రిప్, ఇంకా మెత్తగా.
కంకర, మట్టి, మంచు: అడ్డంగా, ఎందుకంటే అక్కడ పీక్ అక్కడే ఉంది.
ఇరుకు హెయిర్‌పిన్: హ్యాండ్‌బ్రేక్‌తో ఒక్క తిప్పు, వెంటనే నిటారు.
పబ్లిక్ రోడ్డు: ఈ పోటీయే లేదు.

ఇక నుంచి కామెంట్లలో ఎవరైనా "డ్రిఫ్టా, గ్రిప్పా" అని అడిగితే తిరిగి ఒక్క ప్రశ్న అడగండి: "కింద రోడ్డు ఏంటి బ్రో?" సగం గొడవ అక్కడే తేలిపోతుంది. మిగతా సగానికి ఘోస్ట్ ల్యాప్ పంపించండి.